నిన్నటి కోడికూర

చర్ల అవతల, వాగు దాటితే ఇరవై రెండిళ్ళ గూడెం ఒకటి ఉంది. రెండువేల ఆరు శ్రావణంలో ఆ గూడెం వాళ్ళు కడుపునిండా తింటున్నారని కాగితం మీద రాసింది నేనే. కింద సంతకం కూడా నాదే. ఆ ఫారాల్లో ఒక్క అబద్ధం కూడా లేదు. నా మంటంతా అందుకే.

మాది బూర్గంపాడు. డిగ్రీ అయ్యాక మూడేళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి ఉదయ్ భాస్కర్ గారి సర్వేలో చేరాను. ఆయన వ్యవసాయ ఆర్థికవేత్త. పేద దేశాల్లో జనానికి తిండి ఎక్కడి నుంచి వస్తుంది, ఏ నెలలో తగ్గుతుంది అని పదిహేనేళ్ళుగా పరిశోధన చేస్తున్న మనిషి. చెడ్డవాడా అంటే కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. జ్వరంతో కూడా మోకాలి లోతు బురదలో నడిచేవారు. ఆ ఏడు పది గూడేలు చూసి, ఆకలి ఎక్కువగా ఉన్న నాలుగింటిలో ధాన్యం బ్యాంకు పెట్టాలని ఆయన ప్రాజెక్టు. వానాకాలం మూడు నెలలూ గూడెంలోనే వడ్లు నిల్వ ఉంటాయి. కావలసినవాళ్ళు తీసుకుని, పంట చేతికొచ్చాక తిరిగి పోస్తారు. ఏ నాలుగు గూడేలన్నది మా ఫారాలు తేల్చాలి.

మేం వెళ్ళేసరికి, ఆ గూడెంలో నాకు ముందునుంచీ తెలిసిన జంపక్క గుడిసె ముందు ఆమె కూతురు దుర్గ పులిదుంపలు తరుగుతోంది. పక్కనే చాప మీద నాలుగు నెలల పిల్ల. పులిదుంప అడవిలో దొరికే దుంప, ఊరికే తింటే విషం. పలచగా తరిగి, బుట్టలో పోసి, పారే నీళ్ళలో మూడు రోజులు ఉంచితే గానీ నోట పెట్టకూడదు. ఇంట్లో గింజలు అయిపోయాయనడానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు. మమ్మల్ని చూడగానే దుర్గ సిగ్గుపడి బుట్ట లోపల పెట్టేసింది. నేను చూశాను. ఉదయ్ భాస్కర్ గారు అప్పుడు బూట్ల బురద గీక్కుంటున్నారు.

కొత్త మనిషి వాగు దాటి వచ్చాడంటే అక్కడ గూడెం మొత్తానికి చుట్టం. చుట్టం ఒక్కడే తినకూడదు. ఒకచోట వండి, ఇరవై రెండిళ్ళ వాళ్ళూ పంచుకుని, చుట్టంతో పాటే తినాలి. అది వాళ్ళ కట్టుబాటు. గూడెం పెద్ద దూలయ్య వెదురు గుమ్మి మూత తీయించాడు. పండుగ కోసం ఇంటికింత పోసి దాచుకున్న ఉమ్మడి వడ్లు అవి. ఆడవాళ్ళు దంచడం మొదలుపెట్టారు. ఆరు కోళ్ళు కోశారు.

"పెద్దయ్యా, ఇప్పుడివన్నెందుకు?" అన్నాను మెల్లగా.

"గిట్లంటవేంది శివా? వాగు దాటి వచ్చినోళ్లకు అంబలి పోసి పంపుతమా?" అని నన్నే కసిరాడు.

అందరం తిన్నాం. రెండోసారి కూర వేస్తే నేను వద్దనలేదు. ఆ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

వాన పట్టుకోవడంతో బడి గదిలోనే పడుకుని, తెల్లారి ఫారాలు తీశాం. మొదటి ప్రశ్న, నిన్న పొద్దున్నించి ఈ పొద్దుటిదాకా ఇంట్లో ఏం తిన్నారు, ఎన్నిసార్లు అని. జంపక్క నన్ను వింతగా చూసింది.

"ఏం తిన్నమో నీకు తెల్వదా తమ్మీ? మా పక్కన్నే కూసుంటివి గదా."

"రాసుకోవాలె అక్కా, చెప్పు."

"అన్నం, పప్పు, కోడికూర. రెండుసార్లు."

"అంతకు ముందు రోజు?"

"శివా, అది ఫారంలో లేదు" అన్నారు వెనక నుంచి ఉదయ్ భాస్కర్ గారు.

నేను లేచి ఆయన్ని పక్కకు తీసుకెళ్ళాను. "సార్, వీళ్లు మనకోసం వండిన్రు. నిన్నటిది ఇడిసిపెట్టి మొన్నటిది రాద్దాం. ఇంట్ల పులిదుంపలున్నయి సార్, నేను చూసిన."

"నిన్న తిన్నారా అవి?"

"లేదు సార్, ఇంక నానవెట్టాలె."

"మరి ఎలా రాస్తావయ్యా? నాకు మాత్రం తెలియదా? కానీ ఒక్కో గూడెంలో ఒక్కో రోజుది అడిగితే పదింటినీ పోల్చలేం. మనకు తెలిసిందల్లా రాస్తే అది పరిశోధన అవదు."

"పోనీ, వారం ఆగి మళ్లొద్దాం."

"వాగు చూశావుగా. ఇంకా ఆరు గూడేలున్నాయి."

వెళ్ళి కూర్చుని రాశాను. ఇరవై రెండిళ్ళలోనూ అన్నం, పప్పు, కోడికూర. అంత చక్కటి భోజనం ఆ జిల్లాలో ఇంకే సర్వేలోనూ వచ్చి ఉండదు.

బయల్దేరుతుంటే జంపక్క వెంట వచ్చింది. "సార్ జెప్పిన వడ్లెప్పుడొస్తయి తమ్మీ? దుర్గకు పాలు పడ్తలేవు. ఈ రెండు నెలలు గడిస్తే చాలు."

"వస్తయక్కా" అన్నాను. ఆ రెండు రోజుల్లో అక్కడ అబద్ధం ఆడింది నేనొక్కణ్ణే.

పది గూడేల్లోకీ తిండి బాగున్నది అదేనని తేలింది. వడ్లు వేరే నాలుగు గూడేలకి వెళ్ళాయి. రిపోర్టులో వెదురు గుమ్మి ఫొటో కూడా వేశారు. గిరిజనులు తమ ఆహార భద్రతను తామే ఎంత తెలివిగా చూసుకుంటారో చెప్పడానికి ఆ గుమ్మి మంచి ఉదాహరణ అని దాని కింద రాశారు. దాన్ని ఖాళీ చేసింది మేమేనని ఎక్కడా రాయలేదు.

భాద్రపదంలో చర్ల బస్టాండులో దూలయ్య కనిపించాడు. దుర్గ చనిపోయిందని చెప్పాడు.

"వాగు ఆగకుంట ఒచ్చె. దుంపల బుట్ట రెండుసార్లు కొట్టుకపోయింది. మూడోసారి ఒక్కరోజే నానవెట్టి తిన్నది. పిల్లకు పాలియ్యాలె గదా. కక్కుడు వట్టింది. గా వాగుల దవాఖానకు ఎట్ల తీస్కపోతం?"

నన్ను ఒక్క మాట అనలేదు. పైగా "చాయ్ తాగుతవా శివా?" అని అడిగాడు. నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

ఫోన్ చేసి సార్‌కి చెప్పాను. పిల్ల ఎవరి దగ్గరుందని అడిగారు. తర్వాత, "వచ్చే ఏడు మళ్ళీ సర్వే ఉంది. అప్పుడు సరిచేద్దాం శివా" అన్నారు. చచ్చిపోయిన మనిషిని ఎలా సరిచేస్తారని అడగలేదు నేను. అడిగితే ఉద్యోగం ఉండదు.

మరుసటి ఏడు సర్వేకి రెండు రోజుల ముందే ఒక్కణ్ణీ గూడేనికి వెళ్ళాను. దూలయ్య ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టి, ఈసారి ఏమీ వండొద్దని, ఆ గుమ్మి జోలికే పోవద్దని బతిమాలాను. ఏ రోజు ఏది తింటున్నారో అదే తినండి అన్నాను.

దూలయ్యకి కోపం వచ్చింది. "ఇంటికొచ్చినోన్ని పస్తు పండవెడ్తే మా ఇలవేల్పు ఊకుంటడా?"

జంపక్క చంకలో మనవరాలు ఉంది. ఆమె కూర్చున్నచోటు నుంచే అంది. "ఊకుంటడు. దుర్గ సచ్చిననాడు గూడ ఊకున్నడు."

దూలయ్య లేచి వెళ్ళి గుమ్మి మూత బిగించి కట్టాడు.

సార్ వచ్చిన రోజు ఎవరూ మంచం వాల్చలేదు, ఎదురు రాలేదు. ఆయన బడి గదిలో గోడవైపు తిరిగి సంచిలోంచి బిస్కెట్లు తీసి తిన్నారు. తెల్లారి ప్రతి ఇంట్లో అదే ప్రశ్న. అంబలి, ఒకసారి. చింతపండు నీళ్ళు, ఒకసారి. మూడిళ్ళలో ఏమీ లేదు. మధ్యాహ్నానికి ఫారాలు సర్దుతూ, "ఈసారి బాగా వచ్చింది" అన్నారు సార్. అన్నాక నా మొహం చూసి తల దించుకున్నారు. ధాన్యం బ్యాంకుకి ఆ గూడెం పేరు మొదట ఉంటుందని మా ఇద్దరికీ తెలిసిపోయింది.

ఆ మాట చెబుదామని జంపక్క దగ్గరికి వెళ్ళాను. విని తల ఊపింది. ఎండకి నోరు ఎండిపోయి, ఎప్పటిలాగే కుండ దగ్గర చెయ్యి చాపాను. ఆమె లేచి వచ్చి కుండ మీద మూత పెట్టింది.

"ఇయ్యను. జంపక్క మంచినీళ్లు గూడ పొయ్యలేదని రాసుకో. ఇంకో బస్తా ఎక్కువిస్తరేమో."