ఇజ్జా పుట్టింటి కనుమ

బూజెమా మరాకేష్‌లో లెక్కల మాస్టారు. భార్య ఇజ్జానూ, పదిహేనేళ్ల కూతురు తిలీలానూ వెంటబెట్టుకుని సైకిళ్ల మీద అట్లాస్ కొండలు దాటి వర్జాజాత్ చేరాలని ముచ్చటపడ్డాడు. నాలుగు రోజుల ప్రయాణం. ఏ పూటకు ఏ మలుపు దాటాలో లెక్క కట్టాడు. ఆ లెక్కలో ఎండ ఉంది, ఎగుడు ఉంది, ఎదురుగాలి కూడా ఉంది. లేనిదల్లా ఇజ్జా చుట్టాలు.

ఆమె పుట్టి పెరిగింది ఆ కొండల్లోనే. రెండో రోజు మొదటి ఊళ్లోనే మేనమామ రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమే ఇజ్జా, గడప ముందునించి పోతూ గొంతైనా తడుపుకోవా?"

పుదీనా టీ, వేడి రొట్టె, తేనె. గంటన్నర గడిచింది. రెండు కిలోమీటర్ల తర్వాత పెద్దమ్మ కూతురు పట్టుకుంది. ఆ పైన మేనమామ వియ్యంకుడు ఏకంగా కోడినే కోశాడు.

"పొద్దుట్నించీ ఆరు కిలోమీటర్లు!" బూజెమా పళ్లు నూరాడు. "ఈ కొండల్లో గాడిదలు కూడా మీ అమ్మకి చుట్టాలేనే తిలీలా."

"నిజమే. పెళ్లితో మరాకేష్‌లో కూడా ఒకటి కలిసింది," అంది ఇజ్జా.

తిలీలా నవ్వాపుకోలేక సైకిల్ ఆపేసింది.

తర్వాతి ఊళ్లో ఓ ముసలమ్మ శాలువా ఊపుతూ గుమ్మంలోకి వచ్చింది. బూజెమా తల వంచుకుని తొక్కేశాడు.

"జహ్రా పిన్ని పిలుస్తోంది! ఆగు!" ఇజ్జా వెనక నుంచి అరిచింది.

"మీరు టీ తాగి రండి! నేను కనుమ మీదుంటా!"

మూడు మలుపులు తిరిగేసరికి గొలుసు పుటుక్కున తెగింది. పనిముట్ల సంచీ ఇజ్జా సైకిల్‌కు ఉంది. అంతలో వడగళ్లు మొదలయ్యాయి. సైకిల్ ఈడ్చుకుంటూ పోయి కనబడిన మొదటి తలుపు కొట్టాడు. ఓ ముసలాయన తీశాడు.

"ఇజ్జా మొగుడివేనా?"

బూజెమా మొహం మీది నీళ్లు తుడుచుకున్నాడు. "మీకెలా..."

"జహ్రా మా అక్క. ఇప్పుడే ఫోన్ చేసింది. పెళ్లాం బిడ్డల్ని వదిలేసి ఓ బట్టతలాయన ఖాళీ కడుపుతో వస్తున్నాడు, తిట్టొద్దు, ముందు అన్నం పెట్టమంది. లోపలికి రా అల్లుడూ."

పొడి ఉన్ని అంగీ తొడిగించి, చిక్కుడు గింజల పులుసు గిన్నె చేతికిచ్చాడు. మొదటి గుక్కకే బూజెమా కళ్లలో నీళ్లు తిరిగాయి. పులుసు వేడికో, సిగ్గుకో అతనికే తెలియలేదు.

వాన వెలిశాక తల్లీకూతుళ్లు వచ్చారు. గోడవారగా ఒదిగి కూర్చున్న మొగుణ్ణి ఓసారి చూసి, ఇజ్జా సంచీ విప్పి గొలుసు బాగు చేసింది. "పిన్ని నీ మీద కోపంగా లేదులే. జాలిపడింది," అంది నూనె చేతులు తుడుచుకుంటూ. కోపమే నయమనిపించింది అతనికి.

మిగతా చుట్టాల గడపలన్నీ ఎక్కి దిగి, ఐదో రోజుకి కనుమ దాటారు. అవతలి వైపు అంతా పల్లం, ఇజ్జా చుట్టాలెవరూ లేని నేల. ఊళ్లు రయ్యిన వెనక్కి పోయాయి. ఒక్కరూ ఆపలేదు. నాలుగో ఊరు దాటుతుంటే బూజెమా తనంతట తానే బ్రేకు వేసి, గుమ్మంలో కూర్చున్న పెద్దాయనకు సలాం చెప్పాడు.

"ఎవరింటివాళ్లు బాబూ?" అన్నాడాయన.

"మా ఆవిడ మేనమామ వియ్యంకుడు ఉన్నాడు చూడండి, ఆయన తమ్ముడి భార్యది ఈ వైపేనట..."

ఇజ్జా తల పట్టుకుంది. పెద్దాయన మాత్రం సాలోచనగా గడ్డం నిమిరి, "ఆగాగు, ఆవిడ పేరేంటి?" అంటూ టీ పెట్టమని లోపలికి కేకేశాడు.