వంటింట్లోంచి వెళ్ళిన దరఖాస్తు

పంచదార డబ్బాలో తడి చెంచా పెట్టిందెవరన్న దగ్గర మొదలైంది. గడ్డకట్టిన పంచదారని భోజనాల బల్ల మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా, ఇది ఎవరి పని అని అడిగాను. చెంచా తడిగా లేదనీ, కాస్త చెమ్మగా ఉందనీ మా ఆయన అన్నారు. తడికీ చెమ్మకీ తేడా ఏమిటో చెప్పమన్నాను. ఆయన చెల్లెలు, ఇంట్లో అందరం బుల్లి అని పిలిచే మా ఆడపడుచు, అన్నయ్య టీలోంచి తీసిన చెంచాని డబ్బాలో ముంచడం తాను కళ్ళారా చూశానని సాక్ష్యం చెప్పింది. మరి నిన్న ముంచిందెవరో చెప్పమన్నారాయన. పది నిమిషాల్లో చెంచా సంగతి వెనక్కి పోయి, వీధి తలుపు గడియ వేయకుండా పడుకున్నదెవరో, ఎవరి తువ్వాలు ఎవరి కుర్చీ మీద ఆరుతోందో అన్నీ బయటికొచ్చాయి.

మా అత్తగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు.

"వాళ్ళ కోపం చెంచా మీద కాదే అమ్మాయ్. పొద్దున్నే నంబరు చూసుకుని ఉంటారు."

నిజమే. ముందురోజు నాలుగువందల పన్నెండుగా ఉన్న నంబరు ఆ పొద్దున నాలుగువందల ముప్ఫయ్యారు అయింది. క్యూలో నిలబడ్డవాళ్ళు ముందుకి జరగకపోతే పోనీ, వెనక్కి ఎలా జరుగుతారో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఫోన్లకి యాప్‌లు రాసేవాళ్ళు. కలిసి ఒక యాప్ తయారుచేశారు. కుక్కర్ పొయ్యి మీద పెట్టి, మూడు విజిల్స్ కావాలని ఫోనుకి చెప్పి, మన పని మనం చూసుకోవచ్చు. మూడోది రాగానే ఫోను పిలుస్తుంది. అయితే ఆ ఫోన్ల కంపెనీ, తెర ఆరిపోయాక కూడా మైకు వాడుకునే వీలు అందరికీ ఇవ్వదు. దానికోసం ఒక ప్రత్యేక కార్యక్రమం పెట్టి, విడతకి కొద్దిమందినే చేర్చుకుంటోంది. మిగతావాళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉండాలి; వెనక్కి జరిగిన ఆ నంబరు ఈ లిస్టులోదే. అంతవరకూ మా వాళ్ళ యాప్ పనిచేయాలంటే, ఎవరో ఒకరు తెర ఆరిపోకుండా వేలితో తడుతూ కుక్కర్ పక్కనే నిలబడాలి. అలా నిలబడ్డవాళ్ళకి విజిల్స్ లెక్కపెట్టుకోవడానికి యాప్ ఎందుకని అత్తగారు మొదటిరోజే అడిగారు.

ఆయన ఆఫీసులో ఆరు నెలలు సెలవు పెట్టి దీని మీద కూర్చున్నారు. నెలాఖరుకి ఆ సెలవు అయిపోతుంది. ఈలోగా ఆ కార్యక్రమంలో చోటు దొరక్కపోతే యాప్ అటకెక్కుతుంది, ఆయన ఆఫీసుకెళ్తారు. ఆ ఆఫీసు నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా గోడకేసి చూస్తూ కూర్చునే మనిషిని నేను పన్నెండేళ్ళు చూశాను. ఈ ఐదు నెలలుగా ఆయన గడ్డం గీసుకుంటూ ఈల వేస్తున్నారు. ఆ ఈలని యాప్ రెండు విజిల్స్ కింద జమ చేసుకుని, బంగాళాదుంపలు రాళ్ళలా ఉండగానే నన్ను పిలిచిందనుకోండి, అది వేరే సంగతి. ఆ ఈల ఆగిపోకూడదని మాత్రం నాకు గట్టిగా ఉండేది.

అలాంటి తప్పులన్నీ ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. రాయమని ఎవరూ చెప్పలేదు. తేదీ, కుక్కర్లో ఏముంది, ఎన్ని విజిల్స్ అడిగాను, నిజంగా ఎన్ని వచ్చాయి, యాప్ ఎన్ని అంది. పక్కింటి గేటు కిర్రుమంటే ఒకటి. అత్తగారు తుమ్మితే ఒకటి. అన్నిటికంటే పెద్ద తగువు సగం విజిల్ దగ్గర. ఆవిరి పూర్తిగా పట్టకముందు కుక్కర్ బుస్సుమని ఆగిపోతుంది చూడండి, దాన్నీ ఇది లెక్కలో వేసుకునేది. శబ్దం వచ్చింది కాబట్టి అది విజిలేనని మా ఆయన వాదన. అది విజిల్ కాదు, కుక్కర్ గొంతు సవరించుకోవడం అని నా వాదన. బుల్లి నోటుబుక్కు తిరగేసి, ఇవన్నీ చిన్నచిన్నవి వదినా, ముందు చోటు రానీ, తర్వాత చూసుకుందాం అనేది.

చోటు రానివాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉండేది. వెనకగదిలో అన్నాచెల్లెళ్ళు అందులో వచ్చేవి పైకి చదువుకుంటూ పళ్ళు నూరుకునేవాళ్ళు. టార్చిలైటు వెలిగించే యాప్ రాసినతనికి చోటిచ్చారని తెలిసి మూడు రోజులు ఆ గ్రూపు అట్టుడికిపోయింది. ప్రతి ఫోనులోనూ టార్చి ముందే ఉంటుంది కదా అన్నది వాళ్ళ బాధ. తర్వాత అందరూ కలిసి కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాద్దామనుకున్నారు. 'వేడుకుంటున్నాం' అనాలా, 'డిమాండ్ చేస్తున్నాం' అనాలా అన్నది తేలక రెండు వర్గాలుగా చీలిపోయారు. మా ఇంట్లోనే ఆయన ఒక వర్గం, బుల్లి ఒక వర్గం. ఉత్తరం మాత్రం వెళ్ళలేదు.

ఆ పొద్దున పంచదార డబ్బా సాక్షిగా అత్తగారు ఒక ఉపాయం చెప్పారు.

"మా రోజుల్లో పెద్ద క్యూ ఉంటే ఇంట్లో అందరి చెప్పులూ వరసలో పెట్టి వచ్చేవాళ్ళం. ఎవరి చెప్పు ముందుకొస్తే వాళ్ళు వెళ్ళేవాళ్ళు. మీరు ఒక్క చెప్పు పెట్టి ఏడుస్తున్నారు."

బుల్లి కళ్ళు మెరిశాయి. తన పేరున ఒక దరఖాస్తు, అత్తగారి పేరున ఒకటి అప్పటికప్పుడే వేసేసింది. నా పేరుతో నన్నే వేసుకోమని, చూసి రాసుకోవడానికి అన్నయ్య దరఖాస్తు నా ఫోనుకి పంపింది.

మధ్యాహ్నం గిన్నెలు సర్దుకుని కూర్చున్నాను. తొమ్మిదో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది. 'మీ యాప్ ఇంతవరకూ చేసిన తప్పులు రాయండి' అని ఉంది. దాని కింద మా ఆయన, 'ఏమీ లేవు' అని రాశారు. లేచి వెళ్ళి బుల్లిని అడిగితే, తాను 'చెప్పుకోదగ్గవి లేవు' అని రాశానంది. అత్తగారి పేరున కూడా అదే. నా ఎదురుగా బల్ల మీద నోటుబుక్కు ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని 'ఏమీ లేవు' అని రాయడానికి నాకు మనసొప్పలేదు. నలభై ఒక్క తప్పులూ తేదీలతో సహా ఎక్కించాను. మీరు చేసే పని ఏమిటి అన్న చోట, 'ఈ యాప్ రాసేది నా భర్త, ఆయన చెల్లెలు. నేను దీనితో వంట చేస్తాను' అని రాశాను. పంపేసి, ఆరిన బట్టలు తీసుకురావడానికి వెళ్ళాను.

పదకొండో రోజున, చిక్కుళ్ళు ఒలుస్తుంటే నా ఫోనుకి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. రెండుసార్లు చదివి, పొయ్యి కట్టేసి, వెనకగదిలోకి వెళ్ళి ఇచ్చాను. తప్పులు లేని యాప్‌లు తమకి చాలా వచ్చాయనీ, తప్పులు లెక్కపెట్టే మనిషి దరఖాస్తు ఒక్కటే వచ్చిందనీ కంపెనీ రాసింది. చోటు మూడు నెలలకి, నా ఒక్కదాని పేరున. ప్రతి మంగళవారం పదింటికి వాళ్ళ ఇంజనీరుతో అరగంట మాట్లాడాలి. ఆ చోటు ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. ఒప్పుకునేదీ లేనిదీ ఆ సాయంత్రంలోగా చెప్పాలి.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. బుల్లి నన్ను కావలించుకుంది. ఆ సంబరం ఐదు నిమిషాలు. తర్వాత ఆయన మెల్లగా, తొమ్మిదో ప్రశ్నకి ఏం రాశావని అడిగారు. చూపించాను. ఇరవైమూడో తప్పు దగ్గర, అంటే ఈల దగ్గర, ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మా వంశం పరువంతా ఒక్క కాగితంలో తీసేశావు కదా వదినా," అంది బుల్లి, నవ్వాపుకోలేక.

ఆయనకి నవ్వు రాలేదు. తాను మూడు పేజీలు రాస్తే కదలని క్యూ వంటింటి పద్దుకి కదలడం ఆయనకి మింగుడుపడలేదని తెలుస్తూనే ఉంది. కాసేపు అటూ ఇటూ తిరిగి, నా ఖాతా పాస్‌వర్డ్ తనకిమ్మన్నారు. మంగళవారాలు నేను ఊరికే కెమెరా ముందు కూర్చుంటే చాలట, పక్కనుంచి ఏం చెప్పాలో తాను కాగితం మీద రాసి చూపిస్తారట. నేను భోజనానికి రమ్మన్నాను.

అందరికీ వడ్డించి నేనూ కూర్చున్నాను.

"చోటు నా పేరున వచ్చింది, నేనే కూర్చుంటాను. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వను. వాళ్ళు చెప్పింది వచ్చి మీకు చెప్తాను, మీరిద్దరూ సరిచేయండి. సరైందో లేదో నేను చూస్తాను. నలభై ఒకటీ కొట్టేసేదాకా యాప్ గడప దాటదు."

ఆయన అన్నం కలపడం ఆపారు.

"మరి నా సెలవు?"

"ఇంకో మూడు నెలలు పొడిగించమని తినగానే రాయండి. నాకేం అభ్యంతరం లేదు. కానీ రేపట్నుంచి వంట మీది."

బుల్లికి పొలమారింది. నీళ్ళ గ్లాసు ఆ పిల్ల వైపు జరిపాను.

"ఎగతాళికి అనడం లేదండీ. ఈ ఐదు నెలల్లో మీరు ఒక్కసారైనా కుక్కర్ మూత పెట్టారా? సగం విజిల్ ఏదో ముందు మీ చెవికి తెలియాలి, తర్వాతే యాప్‌కి తెలుస్తుంది. బుల్లీ, నువ్వూ అంతే, రోజు విడిచి రోజు. పంచదార డబ్బా కూడా మీ ఇద్దరిదే."

అత్తగారు కొడుకు వైపు జాలిగా చూశారు. జాలి ఆయన మీదో, రేపటి భోజనం మీదో చెప్పడం కష్టం.

"ఏం వండుతావురా రేపు?"

ఆయన కంచంలో ఉన్న చిక్కుళ్ళని వేలితో నొక్కి చూసి, నా వైపు తిరిగారు.

"వీటికి ఎన్ని విజిల్స్?"

"నన్నడగొద్దు," అన్నాను. "నిలబడి లెక్కపెట్టండి."