గేటు దగ్గర మూడు ఆదివారాలు

కాసిమిర్ డూడెక్‌కి ఆ అక్టోబరంతా ఒళ్లు మండుతూనే ఉంది. యజమానుల మీద మంట, టీవీలో ఇకిలించే వ్యాఖ్యాతల మీద మంట, అందరికంటే ఎక్కువగా కడుపున పుట్టినవాడి మీద మంట.

అది పందొమ్మిది వందల ఎనభై ఏడో సంవత్సరం. వాళ్ల ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో విసురుతూ ఒకరినొకరు పడదోసుకునే ఆట. దేశంలోని ఫుట్‌బాల్ జట్ల ఆటగాళ్లంతా సమ్మెకు దిగారు. యజమానులు తక్కువ తిన్నారా? ఆట ఆగేది లేదని, దొరికినవాణ్ణల్లా పోగేసి అసలు ఆటగాళ్ల చొక్కాలే తొడిగారు. వాళ్లలో లారీలు తోలేవాళ్లున్నారు, బడి పంతుళ్లున్నారు, ఎప్పుడో కాలేజీలో ఆడి మానేసినవాళ్లున్నారు. ఇళ్ల కప్పులకి తారు పూసుకునే కాసిమిర్ కొడుకు జెరార్డ్ కూడా ఉన్నాడు. ఆగస్టులో ఊరి జట్టు అతన్ని పనికిరావని పంపేసింది. సెప్టెంబరులో అదే జట్టు ఫోన్ చేసి రమ్మంది.

బ్రాడెన్ ఉక్కు ఊరు. ఆ ఊళ్లో సమ్మె విరిచి పనిలోకి వెళ్లినవాణ్ణి ఎవరూ కొట్టరు, తిట్టరు. ఎదురైతే వీపు తిప్పుతారు, అంతే. చర్చిలో వాడి పక్కన ఎవరూ కూర్చోరు. వాడు చచ్చేదాకా ఇదే వరస. యాభై తొమ్మిది సమ్మెలో కాసిమిర్‌తో పాటు మిల్లులో పనిచేసే సొంత తమ్ముడు వాల్టర్ గేటు దాటి పనిలోకి వెళ్లాడు. పక్క వీధిలోనే ఇరవై ఆరేళ్లు బతికాడు, కాసిమిర్ ఒక్క మాట మాట్లాడలేదు. వాల్టర్‌ని పూడ్చిననాడు కాసిమిర్ కోటూ టై వేసుకుని వంటింట్లో గంటసేపు కూర్చుని, మళ్లీ విప్పేసి వంకీకి తగిలించాడు.

"ఎవడి చొక్కా తొడుక్కుంటావురా?" అన్నాడు కాసిమిర్, జెరార్డ్ సంచి సర్దుకుంటుంటే.

"ఊరి చొక్కా నాన్నా. నాలుగేళ్లప్పుడు నన్ను భుజానెక్కించుకుని నువ్వు చూపించిన చొక్కా."

"అది డెల్ మెరిక్ చొక్కా. ఆయన సమ్మెలో, స్టేడియం గేటు బయట నిలబడ్డాడు."

డెల్ మెరిక్ అంటే ఊరి జట్టులో బంతి విసిరే మొనగాడు, ఊరికి దేవుడు.

"మెరిక్ ఇంట్లో ఈతకొలనుంది. నాకు గోళ్ల సందుల్లో తారుంది. మూడే మూడు ఆదివారాలకి పిలిచారు నాన్నా. మళ్లీ నన్నెవడు పిలుస్తాడు?"

"మిల్లు గేటైనా, ఆట గేటైనా ఒకటే. దాటావంటే నాకు కొడుకు లేడు."

జెరార్డ్ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అంతవరకూ పొయ్యి దగ్గర వంట చేస్తున్న కాసిమిర్ భార్య హెడీ అప్పుడు గరిటె విసిరికొట్టింది.

"ఏమయ్యా, తమ్ముణ్ణి బతికుండగానే పాతిపెట్టావు. ఇప్పుడు నా కొడుకు వంతా? వాడు మళ్లీ ఈ గడప తొక్కకపోతే నీతో నాకు మాటల్లేవు, చూసుకో."

కాసిమిర్ కర్రకి తగిలించిన సమ్మె అట్టబోర్డు పట్టుకుని బయటికి నడిచాడు. మిల్లు మూతపడి మూడేళ్లయినా యూనియన్ ముసలివాళ్లకు గేటు కాయడం మాత్రం అలవాటు తప్పలేదు. సమ్మె చేస్తున్న ఆటగాళ్ల పక్కన వాళ్లూ వెళ్లి నిలబడ్డారు. కొత్తగా పోగేసిన ఆటగాళ్ల బస్సు రాగానే అందరూ ఒక్కసారిగా వీపులు తిప్పారు. కాసిమిర్ కూడా తిప్పాడు. బస్సు కిటికీ అద్దం మీద పిడికిళ్లతో ఎవరో కొట్టిన చప్పుడు వినబడింది. ఎవరో అతనికి తెలుసు.

ఆ రోజు ఎవరి దగ్గరో రేడియో మోగుతోంది. జెరార్డ్ డూడెక్ ఎదుటివాణ్ణి ఎత్తి అవతల పడేశాడని వ్యాఖ్యాత గొంతు చించుకుంటున్నాడు. కాసిమిర్‌కి ఒక్క క్షణం గుండె ఉప్పొంగింది. అలా ఉప్పొంగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆపండి దాన్ని," అని కసిరాడు.

రెండో ఆదివారం వానలో నిలబడ్డాడు. ఇంట్లో హెడీ అన్నం పెడుతోంది గాని పలకడం లేదు.

మూడో ఆదివారం బస్సు కంటే ముందు ఒక నీలం కారు వచ్చింది, దాని వెనక ఇంకొకటి. మొదటి దాంట్లో డెల్ మెరిక్. కాసిమిర్ కారుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం మెరిక్ బాబూ, దారి తప్పావా?"

మెరిక్ అద్దం దించాడు. "తప్పుకో పెద్దాయనా. ఈ సమ్మె ఇంక తెగేది కాదు. నాకూ పిల్లలున్నారు."

"నాకూ ఉన్నాడయ్యా ఒకడు," అన్నాడు కాసిమిర్. "నీ కోసం వాణ్ణి..."

మెరిక్ అద్దం ఎక్కించేశాడు. కాపలావాళ్లు కాసిమిర్‌ని రెక్క పట్టి పక్కకి లాగారు. రెండు కార్లూ లోపలికెళ్లాయి. కాసిమిర్ బోర్డు కర్రని మోకాలికేసి విరగ్గొట్టబోయాడు. అది విరగలేదు, ముసలి మోకాలే నొప్పెట్టింది.

అంతలో బస్సు వచ్చి గేటు దగ్గరే ఆగింది. జట్టు మేనేజరు ఎక్కి ఏదో కాగితం చదివాడు. మెరిక్ వచ్చాడు, ఆయన వెంట ఇంకో ముగ్గురు వచ్చారు కాబట్టి నలుగురు దిగిపోవాలి. నాలుగోవాడుగా జెరార్డ్ దిగాడు, సంచితో సహా. కింది పెదవి చిట్లి ఉంది.

ముసలివాళ్లంతా అలవాటుగా వీపులు తిప్పారు. కాసిమిర్ తిప్పలేదు.

"ఆ సంచి ఇటివ్వరా," అన్నాడు. కొడుకు ఇల్లు వదిలాక వాడితో అన్న మొదటి మాట కోపంగానే వచ్చింది. "ఆ భుజం చూడు, వాచిపోయింది."

జెరార్డ్ అతని మొహంలోకి చూశాడు. "నాతో మాట్లాడకూడదు కదా నాన్నా. మీవాళ్లు చూస్తున్నారు."

"చూడనీ."

"వాల్టర్ బాబాయిని ఎవరూ చూడని వీధిలో కూడా పలకరించలేదు నువ్వు."

జెరార్డ్ సంచిని రెండో భుజానికి మార్చుకుని వంతెన వైపు నడవసాగాడు. వెనక నుంచి యూనియన్‌వాళ్లెవరో "కాసిమిర్, బోర్డు దించకు," అని హెచ్చరించారు. కాసిమిర్ బోర్డుని రోడ్డు మీదే పడేసి, కుంటుకుంటూ కొడుకు వెనక నడిచాడు. ఒకసారి పేరు పెట్టి పిలిచాడు. రెండోసారి ఊరంతా వినేలా పిలిచాడు. జెరార్డ్ వెనక్కి తిరగలేదు, నడక కూడా తగ్గించలేదు.