నడుము లోతు నీళ్లు

రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరాన సైన్యం దిగుతున్న రోజుల్లో ట్రాంటర్ అనే సైనికుడి పని నీళ్లలోకి దూకి, మునిగిన బండ్లకు గొలుసు తగిలించడం. ఆ గొలుసును లాగేది ఫిరంగి తీసేసి, పడవలా ఎత్తుగా ఇనుప గోడలు కట్టిన ట్యాంకు. మనిషి మునిగే లోతులోనూ అది హాయిగా నడుస్తుంది.

ఆ ఉదయం ట్రాంటర్ ట్యాంకు వెనక అంచు మీద, నడుము లోతు నీళ్లలో నిలబడి గొలుసు సర్దుకుంటున్నాడు. ఇంతలో లారీలను మోసుకొచ్చే పడవ ఒకటి వచ్చి, ముందు తలుపును వంతెనలా నీళ్లలోకి దింపింది. అందులోని లారీ డ్రైవరు అతణ్ణి చూసి, చెయ్యి ఊపి, ధీమాగా నీళ్లలోకి తోలాడు. లారీ బుడుంగున మునిగింది. డ్రైవరు ఈదుకుంటూ వచ్చి ట్యాంకును పట్టుకున్నాడు.

"కళ్లు నెత్తికెక్కాయా నీకు? లోతు చూసుకోవా?" అని ట్రాంటర్ మండిపడ్డాడు.

"చూసే దిగాను మహానుభావా! నువ్వు నడుము లోతులో నిలబడ్డావు కదా!"

ట్రాంటర్ వంగి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తన కాళ్ల కింద ట్యాంకు ఉందని పాపం వాడికేం తెలుసు?

ట్యాంకు పైనుంచి దాని నాయకుడు కార్పొరల్ గార్‌సైడ్ అరిచాడు. "ముందు ఆ లారీని లాగు. ఇంకో పడవ వస్తే నువ్వే ఆపాలి, ఏం చేస్తావో నీ ఇష్టం!"

ఫిరంగుల మోతలో కేకలు ఎవరికి వినబడతాయి? అందుకే తర్వాతి పడవ తలుపు దిగగానే ట్రాంటర్ మెడ దాకా నీళ్లలో కూలబడి, చేతులు రెండూ ఎత్తి, మునిగిపోతున్నవాడిలా కొట్టుకున్నాడు.

ఉపాయం పారింది. సాయంత్రం దాకా అక్కడ ఒక్క లారీ దిగలేదు. అతణ్ణి కాపాడదామని ఒక్క మనిషీ దిగలేదు.