మూగబోయిన ఎడమ స్పీకరు

దుమ్ము దులపాలి. బల్బుల్లాంటి గాజు వాల్వులు ఒక్కొక్కటీ పీకి, ఏది ఏ గూట్లోదో గుర్తు పెట్టాలి. కెపాసిటర్లలో దాగిన కరెంటు దించాలి. ఉబ్బినవి మార్చాలి. తుప్పు గీకాలి. అన్నిటికంటే ముందు, పని అయ్యేదాకా టెస్టర్ బాబాయిని దాని దరిదాపులకు రానివ్వకూడదు.

నాన్న పోయాక ఆయన వాల్వుల స్టీరియో యాంప్లిఫయర్ మంచం కిందే ఉండిపోయింది. అందులో మళ్లీ పాట వినాలని అమ్మ కోరిక. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే, అదీ ఎలక్ట్రానిక్స్. కాదనడానికి లేదు.

బాబాయి నాన్నకు తమ్ముడు. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉంటుంది కానీ, ఆయన చెయ్యి పడి బాగుపడ్డ వస్తువు మా ఇంట్లో లేదు. ఒకసారి దీన్ని రిపేరని పట్టుకెళ్లి తెచ్చింది ఆయనే. అప్పట్నుంచి ఎడమ స్పీకరు పలకలేదు. మంచి సరుకు తీసి అమ్ముకున్నాడని అమ్మ అనుమానం. నాదీ అదే.

వంటింటి బల్ల మీద మూత విప్పాను. ఎడమ వైపుకి వెళ్లాల్సిన తీగను కోసి, కుడి వైపు తీగకు కలిపి, టంకం ముద్దగా పోసి ఉంది. దొంగతనం కప్పిపుచ్చడానికే అనుకున్నాను. కెపాసిటర్లు మార్చాక, ఎడమ వాల్వులను కుడి గూళ్లలో పెట్టి చూశాను. శుభ్రంగా పలికాయి. ట్రాన్స్‌ఫార్మర్లూ పాతవే. ఏమీ పోలేదు. దాంతో అనుమానం తగ్గాల్సింది పోయి పెరిగింది. ఏమీ తియ్యనివాడు తీగ ఎందుకు కోసినట్టు?

బాబాయిని రమ్మన్నాను. బల్ల మీద చూడగానే ఆయన మొహం మాడింది.

"విప్పేశావా ఇంజనీరమ్మా?"

"ఈ తీగ ఎవరు కోశారు బాబాయ్?"

"ఎలకలేమో."

"ఎలకలు టంకం కూడా పెడతాయా?"

"ఈ కాలం ఎలకలు చదువుకున్నవి." నవ్వబోయి మానేశాడు. "పాత సంగతి. అలాగే మూసెయ్."

"అమ్మ నిన్ను దొంగవనుకుంటోంది, తెలుసా?"

"వదిన ఎప్పట్నుంచో అనుకుంటోందిగా. అనుకోనీ."

"నేనూ అనుకుంటున్నా."

ఆ మాట తగిలింది. కుర్చీలో కూలబడి, గొంతు తగ్గించాడు.

"మీ నాన్నకి ఎడమ చెవి పోయిందే. మిల్లులో మిషన్ల మోత. తెలిస్తే ఉద్యోగం పీకేస్తారు, నీ చదువు ఆగిపోతుందని ఎవరికీ చెప్పలేదు. పాటలో సగం వినపడట్లేదురా, రెండు వైపులదీ కుడి పక్కకే తెచ్చెయ్ అన్నాడు. నాకొచ్చినట్టు చేశా. ఒట్టు కూడా వేయించుకున్నాడు."

పట్టుబడ్డ దొంగ అల్లే కథలా కూడా ఉంది. నమ్మాలా వద్దా అని చూస్తుంటే, వెనక గుమ్మంలో అమ్మ.

"భోజనాల దగ్గర ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కనే కూర్చునేదాన్ని," అంది. "ఏం చెప్పినా ఊరికే తలూపేవారు. పొగరనుకున్నా."

అమ్మ బాబాయి వైపు తిరిగింది.

"ఏవయ్యా, ఆయన పోయాకైనా చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్విలా నిలబడిపోతావనే, వదినా."

తీగను సరిచెయ్యడం కూడా నేను చెయ్యాల్సిన పనుల్లో ఉంది. చెయ్యలేదు. ఆ టంకం ముద్ద విప్పి, అదే అతుకు మళ్లీ నీటుగా వేశాను. పాట కుడి వైపు నుంచే వచ్చింది. అమ్మ తన కుర్చీ అటు జరుపుకుంది.

నాన్నను తలుచుకోవడానికి మేమున్నాం. మీరు మాత్రం మా టెస్టర్ బాబాయిని గుర్తుంచుకోండి. దొంగ అని మేము గుసగుసలాడుకునే ఇంటికి, అన్నీ తెలిసి కూడా, నవ్వుతూ వస్తూపోతూ ఉన్న మనిషి.