గిర్ని జాలీకి ఒకటే బోల్టు

ఆ ఏడాది అమీర్‌పేటలో మనుషుల కంటే బ్యానర్లు ఎక్కువ. జావా, ఒరాకిల్ అంటూ గోడలు కనిపించకుండా కట్టేశారు. మెట్ల కింద చోటున్నా నాలుగు కంప్యూటర్లు పెట్టి పాఠాలు చెప్పేవారు. తెల్లవారితే చాలు, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి జిరాక్సు కట్టలు చంకన పెట్టుకుని కుర్రకారు బిలబిలమంటూ దిగేది. అంత గిరాకీ ఉన్న సందులో, ఒక మూడంతస్తుల మేడ కింద, పదకొండేళ్లుగా తిరగని పిండి గిర్ని ఒకటి ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది. దాన్ని విప్పి బయట పడెయ్యడానికి బోరబండ నుంచి ఓదెలును పిలిపించారు.

ఓదెలుకు ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. తుప్పు పట్టినవీ, తల అరిగి పానాకు చిక్కనివీ, పదిమంది మెకానిక్కులు చూసి దండం పెట్టి వెళ్లిపోయినవీ, ఎలాంటి బోల్టయినా అతని చేతిలో దారికి రావలసిందే. అంతటివాడూ ఆ గిర్ని ఉన్న సందులో అడుగుపెట్టాలంటే మాత్రం జంకేవాడు. పదకొండేళ్లుగా చుట్టు తిరిగి వెళ్లేవాడు కానీ ఆ దారిన వెళ్లేవాడు కాదు.

పిలిపించినాయన హనుమత్ప్రసాద్. భీమవరం వైపు నుంచి వచ్చి పైన రెండంతస్తుల్లో ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు.

"ఏంటో ఓదెలు గారూ, చెబితే నవ్వుతారు. మా ల్యాబ్‌లో నేల వణుకుతోందండీ. పొద్దున్నే తాళం తీసేసరికి కీబోర్డుల నిండా తెల్లటి పిండి. కింద ఏదో తిరుగుతోందని పిల్లలు గోల."

"గిర్నికి కరెంటే లేదు గద సార్. మీటర్ ఎప్పుడో పీక్కపోయిండ్రు."

"అదేగా నా బాధ! దాన్ని తీయించేస్తే నా పీడా వదుల్తుంది, ఇంకో ముప్పై సిస్టమ్‌లూ పడతాయి. మీకు కుదరదంటే చెప్పండి, పంజాగుట్ట నుంచి ఇంకో మెకానిక్‌ని పిలుస్తాను."

ఆ చివరి మాటకే ఓదెలు ఒప్పుకున్నాడు. ఆ గిర్ని జాలీకి ఉన్న బోల్టును ఇంకొకడు విప్పితే అది ఎంతవరకు బిగించి ఉందో వాడికి తెలిసిపోతుంది. తెలిస్తే నలుగురికీ చెబుతాడు.

జరిగింది ఇదీ. గిర్ని యజమాని విజయేందర్. మోటారు నుంచి గిర్నికి పోయే బెల్టు మీద మనుషులకు తగలకుండా ఇనుప జాలీ తలుపు ఉండేది. దానికి ఒక పక్క మడత బందు, ఇంకో పక్క ఒకే ఒక్క బోల్టు. పదకొండేళ్ల కిందట ఓదెలు బెల్టు మార్చి, జాలీ మూసి బోల్టు బిగించబోయాడు. సరైన కొలత పానా తెచ్చుకోలేదు. ఉన్నదానితోనే లాగించేద్దామని పట్టాడు. మూడు చుట్లు తిరిగాక పానా జారింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. బోల్టు తల మూలలన్నీ అరిగి గుండ్రంగా అయిపోయింది. "పక్కా ఫిట్ అయింది అన్నా," అని సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. మర్నాడు జాలీ అదిరి సందు విడిచింది. విజయేందర్ మెడలోని రుమాలు ఆ సందులోంచి బెల్టుకు చిక్కింది.

శవం ఇంకా అక్కడ ఉండగానే జనంలోంచి ఎవరో, "జాలీ బిగిచ్చింది ఎవరు?" అని అడిగారు. ఓదెలు వెంటనే అందుకున్నాడు. "నేను గట్టిగనే బిగిచ్చిన. అన్ననే మల్ల ఇప్పి మరిచిండేమో," అన్నాడు. చచ్చినవాడు కాదనడు కదా. అందరూ నమ్మారు. అజాగ్రత్త మనిషి, చేజేతులా పోయాడని జాలిపడి వెళ్లిపోయారు. ఏళ్లు గడిచేకొద్దీ ఓదెలే ఆ మాటను సగం నమ్మాడు. ఏమో, పానా జారాక సుత్తితో కొట్టి ఇంకొంత బిగించానేమో అనుకునేవాడు. మూడు చుట్లా, నిండానా? ఆ ఒక్కటి తేలక ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా దొర్లాడో అతనికే తెలుసు.

విజయేందర్ భార్య సీతాబాయి గిర్ని వెనక గదిలోనే ఉంటోంది. తలుపు తీసి ఓదెలును చూసి, "అచ్చినవా," అని మాత్రం అంది. నిన్న కాక మొన్న రమ్మని చెప్పినట్టు ఉంది ఆ పలకరింపు. తర్వాత గడప మీద కూర్చుంది.

లోపల కొత్త జొన్నపిండి వాసన. ఓదెలు గిర్ని మూతి కింద చెయ్యి పెట్టాడు. పిండి ఉంది, అప్పుడే ఆడించినట్టు గోరువెచ్చగా. చెయ్యి చటుక్కున వెనక్కి తీసి లుంగీకి తుడుచుకున్నాడు.

జాలీ మీద బోల్టు ఉన్నచోట పసుపు, కుంకుమ గడ్డకట్టి పిడికెడు ముద్ద అయింది. ప్రతి మంగళవారం సీతాబాయి దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు పోస్తుందని సందంతా తెలుసు. పదకొండేళ్ల కొబ్బరినీళ్లకు ఏ ఇనుము తట్టుకుంటుంది? ఉలితో ముద్దను చెక్కుతుంటే తుప్పూ కుంకుమా కలిసి ఎర్రగా కారింది. చివరకు తల కనిపించింది. గుండ్రంగా, గులకరాయిలా ఉంది. అది జాలీకి ఆనుకుని, వెంట్రుక దూరనంత బిగువుగా కూర్చుని ఉంది.

ఓదెలు ప్రాణం లేచి వచ్చింది. నిండా బిగించే ఉంది! తను బిగించాడు! పదకొండేళ్లు ఉత్త పుణ్యానికి కుమిలిపోయానురా దేవుడా అనుకున్నాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ ఊపులో పనిలోకి దిగాడు. బ్లో ల్యాంపుతో బోల్టును కాల్చి, దానికి కొవ్వొత్తి ఆనించాడు. మైనం కరిగి బోల్టు చుట్టూ ఉన్న మరల్లోకి ఇంకింది. చల్లారాక తల చుట్టూ సుత్తితో చిన్నచిన్నగా తట్టాడు. ఆకురాయితో తలకు రెండు పక్కలా చదును తీసి, పైపు పానాతో పట్టి ఒంటి బరువంతా వేసి లాగాడు. కిర్రుమంది. కదిలింది. పావు చుట్టు వచ్చింది.

పట్టు మార్చుకుందామని పానా వదిలాడు. పానా పిడి మెల్లగా, ఏ తొందరా లేకుండా, దానంతట అదే వెనక్కి తిరిగి మొదట ఉన్నచోటికి వచ్చి ఆగింది.

ఓదెలు కళ్లు నులుముకున్నాడు. బరువుకు జారిందనుకుని పానా తీసి పక్కన పెట్టాడు. సుద్దముక్కతో బోల్టు తల మీద ఒక గీత, జాలీ మీద ఒక గీత గీశాడు. మళ్లీ పట్టి పావు చుట్టు విప్పి, పానా తీసేసి చూశాడు. రెండు గీతలూ విడివిడిగా ఉన్నాయి. చూస్తుండగానే బోల్టు మీద గీత కదిలింది. కిర్రు, కిర్రు. జాలీ మీది గీతను కలుసుకుని, ఇంకో వెంట్రుకవాసి బిగిసింది. పట్టపగలు, బయట సందులో ఎవడో ఆటోకు హారన్ కొడుతున్నాడు. పైన ఎవరో గట్టిగా పాఠం చెబుతున్నారు. ఓదెలు జాలీ దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

"వదినె... ఎవరున్నరు ఎనక?"

"ఎవరుంటరు? మీ అన్ననే," అంది సీతాబాయి. ఆమె గొంతులో భయం లేదు, అలసట ఉంది. "ఆనాటి సంది బిగిస్తనే ఉన్నడు. దినాలు గూడ కాకముందు నేనే చూసిన, మూడు మరల మీద ఏలాడుతుండె గా బోల్టు. తెల్లారి చూస్తే జర లోపలికి పోయింది. నెల తిరిగేసరికి నిండ బిగిసింది. అయినా ఊకుంటలేడు."

మూడు మరలు. ఓదెలు అక్కడే కూలబడ్డాడు. తేలిపోయింది.

"తుప్పు పడ్తె కదలదు, గప్పుడన్న చేతులు ఆపుతడని కొబ్బరినీళ్లు పోసిన. పూజ అనుకున్నరు అందరు. ఏం పూజ! రాత్రంత కిర్రుకిర్రు. ఆయన తిప్పుతుంటె గిర్ని గూడ తిరిగి పిండి రాలుతది. చేతులు నొయ్యవా ఆయనకు?"

"గంత ఎందుకు బిగిస్తుండు వదినె?"

సీతాబాయి మొదటిసారి అతని కళ్లలోకి చూసింది.

"ఆనాడు ఆయన పక్కన నిలవడి నువ్వేమన్నవ్? అన్ననే ఇప్పి మరిచిండేమో అన్నవ్. ఆయన ఇన్నడు ఓదెలు. పానం పోయినా చెవులు పోలే. నేనే మరిచిన, నా చేతులార నా ఆలిని ఆగం జేసిన అనుకుంటుండు. మరిచిన పని జేస్తుండు. నేను కాదంటె నమ్మడు. నేను బిగిచ్చిందాన్ని కాదు గద."

లోపల ఇంకా కిర్రుమంటూనే ఉంది. ఎవరో మూలుగుతూ, పళ్లు బిగబట్టి తిప్పుతున్నట్టు వినిపిస్తోంది. గిర్ని మూతిలోంచి పిండి కొంచెం కొంచెంగా రాలుతోంది.

అన్న తనకు శాపనార్థాలు పెడుతున్నాడని తెలిసినా ఓదెలు తట్టుకునేవాడేమో. అన్న తనను తాను తిట్టుకుంటున్నాడన్నది తట్టుకోలేకపోయాడు. మోకాళ్ల మీద పాకి జాలీ దగ్గరకు వెళ్లి నోరు దానికి ఆనించాడు.

"అన్నా, నువ్వు మరువలే. నువ్వు అసలు ముట్టనే లేదు. నేనే బిగియ్యలే. నా దగ్గర సరైన పానా లేకుండె. మూడు చుట్లకే తల అరిగింది. చెప్తె సిగ్గు పోతదని పక్కా అన్న. నువ్వు పోయినంక భయానికి నీ మీదకి దోసిన. నీ తప్పు లేదన్నా. ఇడిసిపెట్టు. జర ఇడిసిపెట్టన్నా."

కిర్రుమనడం ఆగింది.

ఓదెలు పానా అందుకోలేదు. ఉట్టి చేత్తో బోల్టు తల పట్టుకున్నాడు. నూనెలో తిరిగినట్టు తిరిగింది. ఒక్కో చుట్టూ బయటికి వచ్చి, అరచేతిలో పడింది. ఇనుమంతా చెమట పట్టి తడిగా ఉంది. మరలన్నీ అరిగి, పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. గిర్ని మూతిలో పిండి రాలడం ఆగిపోయింది. గదిలో జొన్నపిండి వాసన కూడా లేదు. తుప్పు వాసన ఒక్కటే ఉంది.

సీతాబాయి గడప మీంచి లేచి వచ్చింది. ఆ బోల్టును తీసుకుని కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడుస్తూనే ఉంది. ఓదెలు ఆమె కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

"పోయిండు," అంది. "ఒక్క మాటకే పోయిండు. గా మాట ఆనాడే అనుంటే, ఆనాడే పోయేటోడు గదరా."