క్లచ్ మీది కాలు

కొండల్ బండి క్లచ్ పోయిందని తెలిసిన రోజు నుంచి తొండుపల్లిలో అతనికి సలహా చెప్పని మనిషి లేడు. ఏడుగురు కూర్చునే బండి. కొని ఏడాదిన్నర కాలేదు, ఇరవై వేల కిలోమీటర్లు దాటి నాలుగు రోజులైంది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ గొంతు చించుకుంటుంది, బండి మాత్రం ముందుకు పోదు. కాలిన వాసన లోపలికి కొడుతుంది. చాయ్ దుకాణంలో, మంగలి షాపులో, ఆఖరికి దినాలకు పోయిన ఇంట్లో కూడా అందరిదీ ఒకటే పాట: వారంటీలో ఉంది కదా, క్లెయిమ్ చెయ్యి. సలహాల మీద పన్ను వేస్తే ఆ ఊరు ఈపాటికి దివాలా తీసేది.

"ఇరవై వేలకే క్లచ్ ప్లేటు కాలుడేందే అన్నా? కంపెనోడు పాడు సామాను పెట్టి నీకు అంటగట్టిండు," అన్నాడు మెకానిక్ ఉపేందర్, బండి కింది నుంచి బయటికి జరిగి. "ఇరవై ఆరేండ్ల సంది తోలుతున్నవ్. నీ చేతుల క్లచ్ పోతదా? పోయి గట్టిగ అడుగు, ఇడువకు."

కొండల్ తలూపాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది అతని పని. ప్లేటును కాల్చింది కంపెనీ కాదేమో, తన ఎడమకాలేమోనని నెల రోజులుగా అతనికి అనుమానం.

షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. ఈ నాలుగు నెలల నుంచి ఎడమ పాదం మొద్దుబారింది. ఒకరోజు ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ నుంచి ఇంటిదాకా ఒక్క చెప్పుతో వచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. భార్య జంగమ్మ అడిగితే వారు తెగింది, పారేశానన్నాడు. దవాఖానలో డాక్టరమ్మ కళ్లు మూసుకోమని, సన్నటి ప్లాస్టిక్ పోగుతో పాదం మీద గుచ్చి, తెలుస్తుందా అని అడిగింది. రెప్పల సందు నుంచి ఆమె చెయ్యి చూస్తూ, గుచ్చినప్పుడల్లా తెలుస్తుందన్నాడు. బడిలో కాపీ కొట్టడం చేతకాని మనిషి యాభై నాలుగేళ్లకు దవాఖానలో కొట్టాడు.

గేరు మార్చాక క్లచ్ మీది నుంచి కాలు తీశానా లేదా అన్నది కిందికి చూస్తే తప్ప అతనికి తెలియడం లేదు. రోడ్డు చూడాలా, కాలు చూడాలా? క్లచ్ మీద కాలు ఆనించి తోలితే ప్లేటు కాలిపోతుందని పిల్ల డ్రైవర్లను నోరారా తిట్టిన మనిషికి ఈ గతి పట్టింది.

ఎవరితోనైనా చెప్పుకోవచ్చు కదా అంటే, చెబితే స్టీరింగు వదలాలి. ఎయిర్‌పోర్ట్‌లో ఊడ్చే పనికి పోయే ఆరుగురు ఆడవాళ్లను రోజూ ఆరాంఘర్ దగ్గర ఎక్కించుకుని దింపడమే అతని బతుకు. వేరే పని రాదు. నేర్చుకునే ఓపిక కూడా లేదు. అందుకే అతనికి క్లచ్ ఖర్చు కంటే కంపెనీ మాట ముఖ్యమైంది. తప్పు ప్లేటుదని వాళ్లు ఒప్పుకుంటే, తన కాలు మంచిదేనన్నమాట. ఆడలేక మద్దెల ఓడన్నాడని నవ్వుకోవచ్చు. కానీ ఆ మద్దెల నిజంగానే ఓడైతే ఎంత బాగుండునని రాత్రింబగళ్లు కోరుకుని కోరుకుని అలసిపోయాడు.

మంగళవారం ఆడవాళ్లకు వేరే బండి మాట్లాడి, ఆరాంఘర్ దాటాక ఉన్న షోరూముకు పోయాడు. సర్వీసు కౌంటర్లో రేవతి అనే ఆవిడ కాగితాలు చూసింది. గుంటూరు వైపు మాట.

"క్లచ్ అరిగిపోయే భాగం అండీ. మామూలుగా వారంటీలోకి రాదు. అయితే ఇంత తొందరగా పోయింది కాబట్టి ఒక పని చేద్దాం. మా టెక్నీషియన్ పక్కన కూర్చుంటారు, మీరు నడపండి. మీరు నడిపే తీరులో తప్పేమీ లేదని ఆయన రాస్తే కంపెనీకి పంపుతాను."

"ఇప్పుడే తోలాల్నా మేడం?"

"ఒక్క పది నిమిషాలేనండీ."

టెక్నీషియన్ పేరు జీవన్. నలభై ఏళ్లుంటాయి, గోళ్లలో గ్రీజు. ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు. "పరీక్ష అనుకోకు అన్నా. రోజు ఎట్ల తోలుతవో అట్లనే తోలు."

కొండల్ జాగ్రత్తగా తోలాడు. గేరు మార్చినప్పుడల్లా ఓరగా కిందికి చూసి, కాలు పక్కకు వచ్చిందని రూఢి చేసుకున్నాడు. బండి కుంటుతూనే శంషాబాద్ వైపు సాగింది. గట్టెక్కినట్టే అనుకుంటుండగా ఎడమ పక్క నుంచి ఒక బస్సు అడ్డంగా దూరింది. బ్రేకు నొక్కి, గేరు దించి, దానికి దారి ఇచ్చి, మళ్లీ అందుకున్నాడు. ఆ హడావుడిలో కిందికి చూడడం మరిచాడు.

"అన్నా, క్లచ్ మీద కాలు తియ్యి," అన్నాడు జీవన్.

"తీసిన కద."

"ఒక్కసారి చూడు."

చూశాడు. కాలు పెడల్ మీదే ఉంది. సగం దాకా తొక్కి ఉంది. ఎవరో మర్చిపోయి వదిలి వెళ్లిన వస్తువులా ఉంది.

జీవన్ బండి పక్కకు ఆపించాడు.

"షుగరా?"

"ఆఁ."

"ఎన్ని దినాల సంది గిట్ల?"

"నాలుగు నెలలాయె."

జీవన్ దిగి, ఇటు వచ్చి తలుపు తీశాడు. తిరుగు దారిలో అతనే తోలాడు. తన బండిలో పక్క సీట్లో కూర్చోవడం కొండల్‌కు అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

షోరూము గేటు దగ్గర జీవన్ గొంతు తగ్గించాడు. "పరేషాన్ గాకు. నీ తోలుడు మంచిగనే ఉన్నదని రాస్త. ఈ మధ్య ఇంకో రెండు బండ్లకు గిదే కంప్లైంట్ వచ్చింది, నీది గూడ అండ్ల కలిసిపోతది. నువ్వు కాలు దవాఖానల సూపెట్టుకో, ఇగ."

అన్నంత పనీ చేశాడు. రేవతి కాగితం ఇటు తిప్పి పెన్ను ఇచ్చింది. "ఇక్కడ సంతకం పెట్టండి కొండల్ గారూ. వచ్చేస్తుందండీ, నమ్మకంగా చెబుతున్నాను."

కొండల్ చదివాడు. 'వాహనం నడిపే తీరులో ఏ లోపమూ లేదు.' ఎంత చల్లటి మాట! రెండోసారి చదివితే నిజమేనేమో అనిపించింది. మూడోసారి చదివితే, పెడల్ మీద తాను చూసిన కాలు తనది కాదేమో అనిపించింది. కొత్త ప్లేటు పడుతుంది. రేపు పొద్దున మళ్లీ ఆరుగురు ఎక్కుతారు. వాళ్లలో దుర్గవ్వ ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకోగానే నోరు తెరుచుకుని నిద్రపోతుంది. ఇరవై ఆరేళ్ల డ్రైవరు తోలుతుంటే భయమేముందని ఆమె ధైర్యం. ఈరోజు క్లచ్చే కాలింది. ఇంకో బస్సు అడ్డం వచ్చిన రోజున ఏమవుతుంది?

పెన్ను కింద పెట్టాడు. "వద్దు మేడం. పైసలు గట్టి కొత్త ప్లేటు ఏపిచ్చుకుంట."

"అదేంటండీ? ఉచితంగా వచ్చేదాన్ని వదులుకుంటారా?"

"ఈ కాయిదం ఇంటికి తీస్కపోతే అందరికన్న ముందుగాల నేనే నమ్ముత."

ఆమెకు అర్థం కాలేదు. జీవన్‌కు అర్థమైంది, కానీ తల పక్కకు తిప్పుకున్నాడు. చేసిన మేలు కాలదన్నాడని కోపమో, మరేమో. రేవతి కాగితం వెనక్కు తీసుకుని బిల్లు పని మొదలుపెట్టింది. "బండి ఎల్లుండికి తయారవుతుందండీ. మీరే వచ్చి తీసుకెళ్తారా?"

"లేదమ్మా," అన్నాడు. ఆ చిన్న మాట అనడానికి నాలుగు నెలలు పట్టింది.

బయట వరండాలో కుర్చీ చూసుకుని కూర్చుని జంగమ్మకు ఫోన్ చేశాడు.

"ఏమన్నరు? ఒప్పుకున్నరా?" అంది ఆమె ఎత్తగానే.

"బండి మంచిగనే ఉన్నది."

"మరేంది?"

"నాకే మంచిగ లేదు జంగమ్మా. ఎడమకాలు తెలుస్తలేదు. నాలుగు నెలల సంది తెలుస్తలేదు. నీకు గూడ చెప్పలె."

తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"యాడ కూసున్నవ్?"

"షోరూము బయట."

"ఆడనే ఉండు. బస్సు గిస్సు ఎక్కకు. నేనొస్తున్న, తోలుకపోత."

ఇన్నేళ్లూ ఎంతోమందిని ఎక్కించుకుని దింపి వచ్చిన మనిషి, తనను తీసుకుపోవడానికి ఒకరు బయలుదేరారని విని, నలుగురూ తిరుగుతున్న ఆ వరండాలో వెక్కి వెక్కి ఏడ్చాడు.